అమెరికా అధ్యక్ష పదవికి ఏది కొలమానం: పుట్టిన నేలా, కన్నవారి పౌరసత్వమా?

అమెరికా అధ్యక్షుడికి రాజ్యాంగం మూడు అర్హతలు పెట్టింది. 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం గురించి పేచీ లేదు. మూడోది ‘సహజ జన్మ పౌరుడు’ కావడం. ఆ మాటకు అర్థం రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

నేలనే కొలమానంగా తీసుకునేవారికి అమెరికా గడ్డపై పుట్టినవారు పౌరులేనన్న 1868 నాటి 14వ సవరణ, 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు అండ. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనీయ దంపతులకు పుట్టిన అతను పుట్టుకతోనే పౌరుడని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కొలమానంలోని గొప్ప సుగుణం తేటదనం. జనన ధ్రువపత్రం చాలు, తల్లిదండ్రుల కాగితాలు తవ్వనక్కర్లేదు. కానీ నేల ఒక్కటే చాలనుకుంటే, నౌకాదళ అధికారి కొడుకుగా 1936లో పనామా కాలువ మండలంలో పుట్టి, 2008లో అధ్యక్ష పదవికి పోటీచేసిన జాన్ మెకెయిన్ సంగతేమిటి?

రక్తసంబంధమే ముఖ్యమనేవారు 1790 చట్టాన్ని చూపుతారు. విదేశంలో పౌరులకు పుట్టిన పిల్లలను అది సహజ జన్మ పౌరులుగానే చూడమంది. 1795లో ఆ చట్టాన్ని మార్చినప్పుడు ‘సహజ జన్మ’ అన్న మాట ఎగిరిపోయింది. అమెరికన్ తల్లికి 1970లో కెనడాలోని కాల్గరీలో పుట్టిన టెడ్ క్రూజ్ అభ్యర్థిత్వంపై 2016లో రేగిన గొడవకు మూలం ఇదే.

నేలా కావాలి, తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి అనేవారూ ఉన్నారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. చెస్టర్ ఆర్థర్ 1829లో పుట్టేనాటికి ఐర్లండ్ నుంచి వచ్చిన తండ్రి ఇంకా పౌరుడు కాలేదు. అయినా ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు.

నా మట్టుకు నేలైనా సరే, రక్తమైనా సరే, పుట్టినప్పుడే పౌరుడైతే చాలు. ఇప్పుడున్న నిబంధనకు ఇదే న్యాయమైన అర్థం.

నన్ను బాధించేది ఆ నిబంధనే. గుంటూరులో పుట్టి, రెండేళ్లకే తల్లి చంకనెక్కి డాలస్ చేరిన అక్క అక్కడే పెరిగి పౌరసత్వం తీసుకున్నా అధ్యక్షురాలయ్యే వీల్లేదు. అక్కడ పుట్టిన తమ్ముడు కాగలడు. సైన్యాధిపత్యం విదేశీయుల చేతిలో పడకూడదని 1787లో, రాజ్యాంగం రాస్తున్న రోజుల్లో, నాటి నేత జాన్ జే జార్జి వాషింగ్టన్‌కు రాసినప్పటి భయం ఈ పిల్లకెలా వర్తిస్తుంది? మన రాజ్యాంగం 58వ అధికరణం రాష్ట్రపతికి పౌరసత్వం ఉంటే చాలంది, పుట్టుక అడగలేదు. 20 ఏళ్లు పౌరులుగా ఉన్నవారికి అవకాశమివ్వాలని 2003లో సెనెటర్ ఆరిన్ హాచ్ సవరణ ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. మళ్లీ ఎవరైనా దాన్ని చేపట్టాలని నా కోరిక.