బిల్లింగ్ ఖాతాకు రెడీమేడ్ కనెక్టర్ కొంటున్నవారికి జాగ్రత్త: పచ్చ గుర్తును నమ్మి మేము ఏం పోగొట్టుకున్నామంటే

స్ట్రైప్ వంటి బిల్లింగ్ వేదిక నుంచి ఇన్వాయిస్‌లు, చెల్లింపులు, రీఫండ్ల వివరాలను తమ డేటా వేర్‌హౌస్ (సంస్థ సమాచారమంతా ఒకచోట దాచుకునే డేటాబేస్) లోకి తెచ్చుకోవడానికి రెడీమేడ్ కనెక్టర్ (ఆ వివరాలను తానే లాగి తెచ్చే సాఫ్ట్‌వేర్) కొనాలని చూస్తున్న చిన్న సంస్థలవారి కోసం ఇది రాస్తున్నాను. 2025 జనవరిలో మేము అటువంటి కనెక్టర్‌ను ఏడాది చందా మొత్తం ముందే కట్టి తీసుకున్నాము. అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. పేరు తెలిస్తే మీరు ఆ ఒక్కరినే తప్పించుకుంటారు. లోపం ఎక్కడ దాగి ఉంటుందో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా ముందే పరీక్షించి చూసుకోగలుగుతారు. ఇందులో స్ట్రైప్ తప్పేమీ లేదని కూడా మొదటే చెప్పాలి. నేను కింద రాసే నియమాలన్నీ వారి డాక్యుమెంటేషన్‌లో ఉన్నవే. వాటిని చదివి కనెక్టర్ తయారుచేయవలసినవారు ఆ పని సరిగా చేయలేదు, కొన్న మేమూ సరిచూసుకోలేదు.

మాది హైదరాబాదులో పన్నెండు మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థ. అమెరికాలో నమోదైన మా కంపెనీ పేరిట స్ట్రైప్ ఖాతా ఉంది. కస్టమర్లలో ఎక్కువమంది అమెరికాలోనే ఉన్నా, జపాన్‌లో కొందరు, కువైట్‌లో కొందరు ఉన్నారు. అంతకుముందు మా అకౌంట్స్ చూసే ఆవిడ ప్రతి నెలా మొదటి వారంలో ఫైళ్లు దించుకొని, ఎక్సెల్‌లో ఒకదానితో ఒకటి సరిపోల్చి లెక్క తేల్చేవారు. ఆ శ్రమ తప్పించాలన్నదే మా ఉద్దేశం.

అమ్మకానికి వచ్చినవారు చూపించిన ప్రదర్శన చాలా బాగుంది. కీ ఇచ్చారు, బటన్ నొక్కారు, కొద్ది నిమిషాల్లో టేబుళ్లన్నీ వచ్చేశాయి, పక్కన పచ్చ గుర్తు వెలిగింది. అయితే వారు చూపించినది టెస్ట్ ఖాతా. అందులో పాత ఇన్వాయిస్‌లు లేవు, నెల తరువాత వచ్చిన రీఫండ్లు లేవు, రద్దయిన సబ్‌స్క్రిప్షన్లు లేవు, డాలర్ తప్ప వేరే కరెన్సీ లేదు. మాకు ఇచ్చిన ఉచిత పరీక్షా కాలం 14 రోజులు. బిల్లింగ్ సమాచారంలో అసలు చిక్కులన్నీ నెల దాటాక బయటపడేవే కాబట్టి, 14 రోజులలో మా కంటికి ఒక్క తప్పు కూడా కనబడలేదు.

మొదటి పొరపాటు సెటప్ రోజే జరిగింది. వారి సెటప్ పేజీ స్ట్రైప్ సీక్రెట్ కీని (మా ఖాతాకు తాళంచెవి లాంటి రహస్య కోడ్) అడిగింది, మేము ఇచ్చేశాము. ఆ కీ ఎవరి చేతిలో ఉంటే వారు మా ఖాతా నుంచి రీఫండ్లు పంపగలరు, సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేయగలరు, కస్టమర్ల వివరాలు మార్చగలరు. సమాచారం చదువుకోవడానికి మాత్రమే వచ్చే కనెక్టర్‌కు అంత అధికారం అవసరం లేదు. స్ట్రైప్‌లో రిస్ట్రిక్టెడ్ కీ అని వేరే ఉంది. ఇన్వాయిస్‌లు, ఛార్జీలు (కస్టమర్ల నుంచి వసూలు చేసిన చెల్లింపులు), రీఫండ్లు ఇలా ఒక్కొక్క దానికి చదివే అనుమతి మాత్రమే ఇచ్చి ఆ కీని తయారుచేసుకోవచ్చు. మూడు నెలల తరువాత మేము ఆ మాట అడిగితే, రిస్ట్రిక్టెడ్ కీతో కూడా తమ కనెక్టర్ పనిచేస్తుందని తాపీగా చెప్పారు. మొదటి రోజు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు రాలేదు. ఏ అమ్మకందారైనా పూర్తి సీక్రెట్ కీ తప్పనిసరి అంటే అక్కడే ఆగిపోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మార్చి నెల లెక్క ముగించే సమయంలో మా అకౌంట్స్ ఆవిడ నా దగ్గరికి వచ్చి, “ఏమండీ, మార్చిలో 41 ఇన్వాయిస్‌లకు డబ్బు రాలేదని మీ రిపోర్టు చెబుతోంది. స్ట్రైప్‌లో చూస్తే వాటిలో 36 చెల్లించేశారు. నేను ఎవరికి ఫోన్ చేసి అడగాలి?” అన్నారు. అప్పటికే ఆవిడ ఇద్దరు కస్టమర్లకు బకాయి గుర్తుచేస్తూ మెయిల్ పంపారు. ఇద్దరూ ఎప్పుడో కట్టేసినవారే. వారిలో ఒకరు నాలుగేళ్లుగా మాతో ఉన్నవారు. వారికి క్షమాపణ చెబుతూ నేను రాసిన ఉత్తరం ఇంకా నా మనసులోంచి పోలేదు.

తవ్వి చూస్తే తేలినది ఇది. కనెక్టర్ ప్రతి గంటకూ స్ట్రైప్‌ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: గత గంటలో కొత్తగా పుట్టిన ఇన్వాయిస్‌లు ఏవి? ఇన్వాయిస్ అనేది ఒకసారి పుట్టి అలాగే ఉండిపోయే వస్తువు కాదు. డ్రాఫ్ట్‌గా మొదలవుతుంది, ఓపెన్ అవుతుంది, ఆ తరువాత పెయిడ్ అవుతుంది, లేదంటే వాయిడ్ (రద్దు) అవుతుంది, వసూలు కాదని తేలితే అన్‌కలెక్టిబుల్ అవుతుంది. పుట్టిన తేదీ మాత్రం మారదు. పుట్టిన తేదీని పట్టుకొని మాత్రమే వెళ్లే కనెక్టర్‌కు ఆ తరువాత జరిగిన మార్పేదీ కనబడదు. స్ట్రైప్‌లో ఇన్వాయిస్‌ల జాబితాను మారిన తేదీ ప్రకారం అడిగే వీలు లేదు కాబట్టి, మార్పులు తెలుసుకోవాలంటే ఈవెంట్లను (ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పే నమోదులు) చదవాలి, లేదా వెబ్‌హుక్‌లు (మార్పు జరగగానే స్ట్రైప్ తానే పంపే కబుర్లు) అందుకోవాలి, లేదా పాత నెలలను తరచుగా మళ్లీ మొదటినుంచి లాగాలి. మా కనెక్టర్ ఈవెంట్లను చదువుతుందని ఒప్పందానికి ముందు మెయిల్‌లో రాశారు. విచారిస్తే, ఆ సౌకర్యం ఛార్జీల టేబుల్‌కు, సబ్‌స్క్రిప్షన్ల టేబుల్‌కు మాత్రమే ఉందని, ఇన్వాయిస్‌లకు “త్వరలో” వస్తుందని తేలింది.

ఈవెంట్లను చదివినచోట కూడా ఒక గండం ఉంది. స్ట్రైప్ ఈవెంట్ల జాబితాను 30 రోజుల వరకే అడిగి తెచ్చుకోగలము. మేలో మా ఉద్యోగి ఒకరు మానేసినప్పుడు భద్రత కోసం కీలు మార్చాము. కనెక్టర్ ఆగిపోయింది. ఆగిపోయిందని మాకు మెయిల్ రాలేదు. లోపలి పేజీలో ఒక మూల “పాజ్డ్” అని చిన్న అక్షరాలలో ఉంది. 38 రోజుల తరువాత గమనించి కొత్త కీ ఇచ్చాము. వెంటనే పచ్చ గుర్తు వచ్చింది, అంతా సరి అయిందనుకున్నాము. కానీ ఆ 38 రోజులలో మొదటి ఎనిమిది రోజుల ఈవెంట్లు అప్పటికే దాటిపోయాయి. ఆ ఎనిమిది రోజులలో పాత చెల్లింపులపై మేము ఇచ్చిన రీఫండ్లు రీఫండ్ల టేబుల్‌లో ఉన్నాయి, ఎందుకంటే రీఫండ్ తనంతట తాను కొత్త వస్తువు. అదే రీఫండ్ వల్ల మారవలసిన పాత ఛార్జీ వరుస మాత్రం మారలేదు. ఒకే సొమ్ము గురించి రెండు టేబుళ్లు రెండు మాటలు చెబుతుంటే, ఏది నిజమో తెలియక మేము రెండు వారాలు మా సొంత క్వెరీలనే (టేబుళ్ల నుంచి లెక్కలు తీయడానికి మేము రాసుకున్న ప్రశ్నలు) అనుమానించాము.

తరువాతిది కరెన్సీ. స్ట్రైప్ మొత్తాలను ఆ కరెన్సీలోని అతి చిన్న ప్రమాణంలో పంపుతుంది: డాలర్లను సెంట్లలో, రూపాయలను పైసలలో. అందువల్ల వచ్చిన అంకెను 100తో భాగించడం అలవాటు. జపాన్ యెన్‌కు చిన్న ప్రమాణం లేదు, వచ్చిన అంకే అసలు అంకె. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్సులు, కాబట్టి 1000తో భాగించాలి. కనెక్టర్‌తోపాటు అదనపు ధరకు మాకు అమ్మిన రెడీమేడ్ రిపోర్టు టేబుళ్లు అన్నింటినీ 100తోనే భాగించాయి. ఒసాకా కస్టమర్ కట్టిన 98,000 యెన్లు మా రిపోర్టులో 980గా కనబడ్డాయి. కువైట్ కస్టమర్ కట్టిన 120.500 దినార్లు 1,205 అయ్యాయి. ఒకటి తగ్గి ఇంకొకటి పెరగడంతో మొత్తం ఆదాయం చూడడానికి నమ్మదగినట్టే ఉంది, అందుకే ఐదు నెలలు ఎవరికీ అనుమానం రాలేదు. మీకు గల్ఫ్ దేశాలలోనో జపాన్‌లోనో ఒక్క కస్టమర్ ఉన్నా, ఆ ఒక్కరి ఇన్వాయిస్‌ను కళ్లతో సరిచూడండి.

సబ్‌స్క్రిప్షన్ల జాబితాను ప్రత్యేకంగా ఏమీ చెప్పకుండా అడిగితే, రద్దయినవాటిని వదిలేసి మిగిలినవే స్ట్రైప్ ఇస్తుంది. స్టేటస్ దగ్గర “ఆల్” అని అడిగితేనే రద్దయినవి కూడా వస్తాయి. పాత సమాచారం లాగేటప్పుడు మా కనెక్టర్ అలా అడగలేదు. ఫలితంగా, 2025కు ముందు మమ్మల్ని ఒక్క కస్టమర్ కూడా వదిలి వెళ్లలేదని మా రిపోర్టు చెప్పింది. అలాగే పెద్ద ఇన్వాయిస్‌లో పద్దులు ఎక్కువగా ఉంటే మొదటి కొన్ని మాత్రమే ఇన్వాయిస్‌తోపాటు వస్తాయి, మిగిలినవాటిని విడిగా అడిగి తెచ్చుకోవాలి. 34 పద్దులున్న మా ఇన్వాయిస్ ఒకటి వేర్‌హౌస్‌లో 10 వరుసలతో ఆగిపోయింది. పద్దుల మొత్తం, ఇన్వాయిస్ మొత్తం సరిపోతున్నాయా అని ఒక్క క్వెరీ రాసి ఉంటే మొదటి వారంలోనే దొరికేది.

2025 మార్చి 31 తేదీతో స్ట్రైప్ విడుదల చేసిన “బేసిల్” ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్లు స్ట్రైప్‌ను సమాచారం అడిగే మార్గం) వెర్షన్‌లో, సబ్‌స్క్రిప్షన్ ప్రస్తుత కాలం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పే రెండు గడులు సబ్‌స్క్రిప్షన్ నుంచి దాని లోపలి ఐటెమ్‌లకు మారాయి. మా ఖాతా పాత వెర్షన్‌లోనే ఉన్నా, కనెక్టర్ తానే కొత్త వెర్షన్‌ను పేర్కొంటూ అడగడం మొదలుపెట్టింది. మాకు ముందుగా చెప్పలేదు. ఒక సోమవారం ఉదయం ఆ రెండు కాలమ్‌లూ ఖాళీ అయ్యాయి, రెన్యువల్ తేదీల రిపోర్టు మొత్తం తెల్లకాగితంలా మిగిలింది. ఆ రోజు కూడా పచ్చ గుర్తు పచ్చగానే ఉంది, ఎందుకంటే వారి దృష్టిలో వరుసలు వచ్చాయి, చేరాయి, అంతే. లోపల విలువ ఉందా లేదా అన్నది ఆ గుర్తుకు పట్టదు. ఆ ఆకుపచ్చను చూసి లెక్క సరిగా ఉందని అనుకోవడమే మేము చేసిన అతి పెద్ద తప్పు.

ఇన్ని తప్పులు దిద్దడానికి వారు సూచించిన మార్గం ఒక్కటే, అన్ని టేబుళ్లనూ మొదటినుంచి మళ్లీ లాగడం. వారి ధర వరుసల లెక్కన ఉంటుంది. మొదటిసారి పాత సమాచారం లాగడం ఉచితమన్నారు, మళ్లీ లాగడం ఉచితమని మాత్రం ఎక్కడా రాయలేదు. తమ లోపం వల్ల చేయవలసి వచ్చిన పనికి కూడా వరుసకింత అని లెక్కగట్టి, మామూలు నెలకు మూడు రెట్లకు పైగా బిల్లు పంపారు. ఆరు వారాలు ఉత్తరాలు నడిపాక సగం తగ్గించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు ఒప్పందం తీసి చదివితే, సమాచారం సరిగా ఉండే బాధ్యత కొనుగోలుదారుదేనని ఏడో పేజీలో స్పష్టంగా ఉంది.

మీరు ఇప్పుడు బేరంలో ఉంటే ఒక పని తప్పకుండా చేయండి. సంతకానికి ముందు, టెస్ట్ ఖాతాతో కాకుండా మీ అసలు ఖాతాతో, చదివే అనుమతి మాత్రమే ఉన్న కీ ఇచ్చి, కనీసం మూడు నెలల కిందట లెక్క ముగిసిన ఒక నెలను ఎంచుకొని లాగించండి. తరువాత బ్యాలెన్స్ ట్రాన్సాక్షన్ల టేబుల్ తీసుకోండి. ఖాతాలోకి వచ్చిన, పోయిన ప్రతి సొమ్మూ, స్ట్రైప్ తీసుకున్న ఫీజుతో సహా అందులో ఒక వరుసగా ఉంటుంది. ఆటోమేటిక్ పేఅవుట్లు (స్ట్రైప్ తానే మీ బ్యాంకుకు పంపే సొమ్ములు) వాడుతుంటే, ఒక పేఅవుట్‌లో చేరిన వరుసల నికర మొత్తం ఆ పేఅవుట్‌కు, ఆ పేఅవుట్ మీ బ్యాంకు స్టేట్‌మెంటుకు సెంటు తేడా లేకుండా సరిపోవాలి. అది సరిపోయాక, అదే నెలలోని ఇన్వాయిస్‌లలో ఆలస్యంగా చెల్లించినది ఒకటి, రీఫండ్ ఇచ్చినది ఒకటి, వాయిడ్ చేసినది ఒకటి తీసుకొని స్ట్రైప్ డాష్‌బోర్డుతో పోల్చి చూడండి. నెల చివరి రోజును చూసేటప్పుడు స్ట్రైప్ పంపే సమయాలు యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటాయని మరవకండి. మన ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5:30 లోపు జరిగినదంతా అక్కడ ఇంకా మార్చి 31గానే ఉంటుంది. మేము దీన్ని కూడా కనెక్టర్ లోపమనుకొని ఒక పూట వృథా చేసుకున్నాము.

మళ్లీ లాగడానికి అయ్యే ఖర్చు, కనెక్టర్ ఆగితే ఎవరికి ఎంతలోపు మెయిల్ వస్తుంది, ఏపీఐ వెర్షన్ మార్చేముందు ఎన్ని రోజుల ముందు చెబుతారు, ఈ మూడింటినీ మాటగా కాకుండా ఒప్పందంలో రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే నెలవారీ చందా మాత్రమే తీసుకోండి.

నవంబరులో మేము ఆ కనెక్టర్‌ను వదిలేశాము. ఖాతా మూసేశామని, మేము ఇచ్చిన కీలన్నీ తమ దగ్గరనుంచి తొలగించామని వారి నుంచి మెయిల్ వచ్చింది. మూడు రోజుల తరువాత వేరే పని మీద స్ట్రైప్‌లో కీల పేజీ తెరిస్తే, వారికి ఇచ్చిన కీ పక్కన “చివరిసారి వాడినది” అన్న చోట ఆ రోజు తేదీయే ఉంది. వెంటనే ఆ కీని మేమే రద్దు చేశాము. మీరు వదిలేసేటప్పుడు వారి మెయిల్ కోసం ఎదురుచూడకండి, ముందు కీ రద్దు చేసి ఆ తరువాతే వారికి రాయండి.