పసిపిల్లల జుబ్బాలు కొనేవాళ్ళు చేతుల్లోపల తిరగేసి చూడండి, నాకు జరిగింది మీకు జరగకూడదు

పర్లాకిమిడి, పాతపట్నం, బరంపురం వైపు వాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో పురుడు ఉన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా చెల్లికి పాప పుట్టింది, బారసాలకని ఇంట్లోనే కుట్టి అమ్మే ఒకావిడకి 8 జుబ్బాలు ఆర్డర్ ఇచ్చాను. మల్ కాటన్ (పల్చటి మెత్తటి నూలు గుడ్డ), లోపలంతా ఫ్రెంచ్ సీమ్, ఒక్క పోగు కూడా బయటకి రాదు అని చెప్పి ఒక్కోదానికి 60 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. నేను బేరం కూడా ఆడలేదు, ఎందుకంటే నేనూ మిషన్ కుడతాను, ఆ కుట్టుకి ఎంత పనో నాకు తెలుసు.

తెలియని వాళ్ళకి చెప్తాను. మామూలుగా గుడ్డ మంచి వైపులు రెండూ కలిపి కుడతాం కదా, ఫ్రెంచ్ సీమ్‌కి అయితే మొదట ఉల్టా వైపులు కలిపి పావు అంగుళంలో ఒక కుట్టు వెయ్యాలి, ఆ అంచుని సుమారు 3 మిల్లీమీటర్లు మిగిలేలా కత్తిరించాలి, ఇస్త్రీ చెయ్యాలి, అప్పుడు తిరగేసి మళ్ళీ పావు అంగుళంలో రెండో కుట్టు, అంతే, కోసిన అంచు మొత్తం ఆ మడత లోపల మూసుకుపోతుంది. గుడ్డ కూడా కాస్త ఎక్కువ పడుతుంది. కాబట్టి నా గొడవ డబ్బు గురించి కాదండి.

వాట్సాప్‌లో తిరగేసి తీసిన ఫోటో పంపారు, చాలా నీట్‌గా ఉంది. జుబ్బాలు వచ్చాక నేను కూడా పక్క కుట్లు చూసి బాగున్నాయనే అనుకున్నాను, పక్క కుట్లు నిజంగానే ఫ్రెంచ్ సీమ్. కానీ చేతులకీ చంకలకీ మామూలు ఒంటి కుట్టు వేసి, అంచుల్ని లోపలికి మడిచి గంజి పెట్టి ఇస్త్రీ చేసేశారు!! ఫోటోలో ఎవరికీ తెలీదు. రెండు ఉతుకులకి గంజి పోయింది, మడత నోరు తెరుచుకుంది, మల్ గుడ్డ కదా పోగులు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చాయి.

ఆ రాత్రి పాప ఏడుపు ఆపలేదు. పాలు సరిపోలేదేమో అనుకున్నాం, కడుపునొప్పేమో అనుకున్నాం, అమ్మ భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పింది. చివరికి చెల్లి జుబ్బా విప్పితే చిటికెన వేలికి పోగు మూడు చుట్లు బిగుసుకుని ఉంది, వేలు ఎర్రగా ఉబ్బిపోయింది. ఫోన్ లైట్ పెట్టుకుని చిన్న కత్తెర మొనతో ఆ పోగు తెంపుతుంటే నా చేతులు వణికాయి. పొద్దున్నే డాక్టర్‌కి చూపించాం, దేవుడి దయ వల్ల ఏం కాలేదు, కానీ ఇలా దారం గానీ వెంట్రుక గానీ బిగుసుకుంటే వేలికి రక్తం ఆగిపోతుందంట, పిల్ల ఊరికే ఏడుస్తుంటే కాళ్ళ వేళ్ళు చేతి వేళ్ళు ఒకసారి చూడమన్నారు.

ఆవిడకి ఫోన్ చేస్తే "చిన్నపిల్లల బట్టలకి లోపల ఎవరు చూస్తారమ్మా, ఒడియా వాళ్ళు కూడా నా దగ్గరే సిలెయి (కుట్టుపని) చేయించుకుంటారు, ఎవరూ ఏం అనలేదు" అన్నారు. పసిదాని ఒంటికి తగిలేది ఆ లోపలే కదండీ! 240 రూపాయలు వెనక్కి వేశారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

మీరు కొనేటప్పుడు ఫోటో నమ్మకండి, వీడియో కాల్‌లో చెయ్యి పూర్తిగా తిరగేయించి చంక దగ్గర చూపించమనండి. నిజమైన ఫ్రెంచ్ సీమ్ అయితే పైన ఒక్క కుట్టు కూడా కనపడదు, లోపల సన్నటి మడత ఒకటి, దాని మీద ఒకే కుట్టు లైను ఉంటుంది. ఆ మడత చివర గోరుతో గీకితే విడిపోకూడదు, విడిపోయిందంటే ఉత్త ఇస్త్రీ మడత. చంక వంపులో ఈ కుట్టు కష్టమే, ఒప్పుకుంటాను, చేతకాకపోతే ఏటవాలుగా కోసిన సన్న క్రాస్ పట్టీ వేసి అంచు మూసేయొచ్చు, లేదా ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారాలు అల్లే మిషన్ కుట్టు) కొట్టాను అని నిజం చెప్పొచ్చు. ఇంటికి తెచ్చాక ముందు ఒకసారి ఉతికి, ఆరేసి, మళ్ళీ తిరగేసి చూసి అప్పుడే పాపకి వెయ్యండి.

నేను 8 జుబ్బాల చేతులూ విప్పేసి మళ్ళీ కుడుతున్నాను, ఇంకా రెండు మిగిలాయి. ఇదే పద్ధతిలో కుట్టినవి మీ ఇంట్లో ఉంటే ఈ పూటే తీసి చూడండి.