సముద్రం కావాలా, నీళ్లు కావాలా: విశాఖలో ఇల్లు వెతికిన తొమ్మిది రోజులు

జూన్ ఆఖరి వారంలో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికొచ్చింది. నా ఆఫీసు గాజువాక ఆటోనగర్ పక్కన. మా ఆవిడకి అంతకు రెండు వారాల ముందే రుషికొండ వైపు ఒక కాలేజీలో ఉద్యోగం ఖాయమైంది. రాజమండ్రిలో కూర్చుని ఫోన్‌లో మ్యాప్ చూస్తే రెండూ విశాఖపట్నమే కదా అనిపించింది. "మధ్యలో ఎక్కడో తీసుకుంటే సరి" అని తేల్చేశాను. ఆ మధ్య ఎక్కడుందో తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మేం నలుగురం: మేమిద్దరం, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఎనిమిదో తరగతికొచ్చిన అమ్మాయి. స్కూళ్లు అప్పటికే తెరిచేశారు, ఆ టెన్షన్ ఒకటి. ఆన్‌లైన్లో ఫొటోలు చూసి అడ్వాన్సు కట్టేద్దామని నేనంటే, మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఏవండీ, ఆ వీధిలో ఒక రాత్రి పడుకోకుండా ఇల్లు ఎలా తీసుకుంటాం?" అంది. అలా మూడు చోట్ల మకాం పెట్టి చూడాలని నిర్ణయమైంది.

పొద్దున రత్నాచల్ ఎక్కి మధ్యాహ్నానికి వైజాగ్‌లో దిగాం. మొదటి రెండు రాత్రులు ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక లాడ్జి. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే అట, ఆ ముక్క డబ్బు కట్టాక చెప్పారు. తెల్లవారుజామున నాలుగింటికే బస్సుల హారన్లు. కిందికి దిగితే కోచింగ్ సెంటర్ల పిల్లలు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బళ్లు. ఊరు చూడ్డానికొచ్చిన వాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎటు వెళ్లాలన్నా బస్సు దొరుకుతుంది, రాత్రి పదకొండింటికి కూడా ఇడ్లీ దొరుకుతుంది. కాపురం పెట్టే చోటు మాత్రం కాదు. రెండో రోజు పొద్దున్నే అమ్మ "ఒరేయ్, ఇక్కడ నిద్ర పట్టదురా" అని తీర్పు చెప్పేసింది.

ఆ రెండు రోజుల్లో నాకు ఊరి ఆకారం కొంచెం అర్థమైంది. విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. తూర్పున సముద్రం, ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన హార్బరు దాటాక యారాడ కొండ. మధ్యలో మిగిలిన నేల మీద ఊరు బోల్‌స్టర్ దిండులా పొడుగ్గా సాగింది. దానికి వెన్నెముకలా హైవే. మధురవాడ నుంచి గాజువాకకి పాతిక కిలోమీటర్ల పైమాటే. ఇంకోవైపు నుంచి చుట్టి వెళ్దామంటే కొండ అడ్డం. కాబట్టి ఇక్కడ "మీ ఇల్లు ఎంత దూరం" కంటే "మీరు హైవే మీద ఎన్ని జంక్షన్లు దాటాలి" అన్నదే అసలు ప్రశ్న. హనుమంతవాక, మద్దిలపాలెం, గురుద్వారా, తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ... ఈ పేర్లు వరసగా నోటికొచ్చేవరకూ ఇల్లు చూడ్డం మొదలుపెట్టకపోవడం మంచిది.

మూడో రోజు సాగర్‌నగర్‌కి మారాం. ఒక గెస్ట్‌హౌస్ మేడ మీద గది, కిటికీ తీస్తే సముద్రం. మా అమ్మాయి ఆ కిటికీ వదిలితే ఒట్టు. మా ఆవిడ కాలేజీకి ఇక్కణ్ణుంచి పది నిమిషాలు. రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సులో కుడివైపు కూర్చుంటే ప్రయాణం విహారంలా ఉంటుందని ఆవిడ మురిసిపోయింది. నేను మాత్రం కిటికీ ఊచలు చూశాను. పెయింటు కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది. ఏసీ బయటి డబ్బా అట్టముక్కలా రాలుతోంది. ఉప్పు గాలికి ఇంతేనని, రెండేళ్లకోసారి గ్రిల్స్‌కి రంగు వేయించాలని గెస్ట్‌హౌస్ చూసుకునే అబ్బాయి చెప్పాడు.

నాలుగో రోజు పొద్దున ఏడుంపావుకి అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్లినట్టే బయల్దేరాను, ఖాళీ టిఫిన్ బాక్స్ కూడా పట్టుకుని. రెండు బస్సులు మారి గాజువాకలో దిగేసరికి తొమ్మిదీ ఐదు. వచ్చేటప్పుడు ఇంకో పావుగంట ఎక్కువ. ఆదివారం సాయంత్రం అయితే బీచ్‌కొచ్చే కార్లతో ఆ రోడ్డే నిండిపోయింది, అమ్మకి మందులు తేవడానికి వెళ్లినవాణ్ణి గంటకి తిరిగొచ్చాను.

ఆ సాయంత్రమే ఒక బ్రోకరు దొరికాడు. పక్కా శ్రీకాకుళం యాస. రుషికొండ, ఎండాడ వైపు నాలుగు ఫ్లాట్లు చూపించి, నేను కుళాయి తిప్పి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేయడం చూసి నవ్వాడు. "ఏటి బాబూ, మీకు సముద్రం గావాలా, నీళ్లు గావాలా?" అన్నాడు. తీరానికి దగ్గరైన కొద్దీ బోరు నీళ్లు ఉప్పదనం తిరుగుతాయి. తాగడానికి క్యాన్లు, వాడుకకి ట్యాంకరు పెట్టుకునే అపార్ట్‌మెంట్లు అక్కడ చాలా చూశాను. అద్దె చెప్పేటప్పుడు ట్యాంకరు ఖర్చు ఎవరూ చెప్పరు. మెయింటెనెన్స్ ఎంత, అందులో నీళ్లకి ఎంత అని విడదీసి అడగాలి. ఈ ఒక్క పాఠం కోసం అతనికిచ్చిన ఐదొందలు దండగ కాదనుకున్నాను. తర్వాత చూపించిన ఇల్లే రెండోసారి, వేరే గేటులోంచి తీసుకెళ్లి చూపించాడు, అది వేరే కథ.

మధురవాడ, పీఎం పాలెం కూడా ఆ రోజుల్లోనే చూశాం. ఇళ్లు కొత్తవి, గదులు పెద్దవి, అద్దె మేం అడిగినంతలో అక్కడే తక్కువ. రెండు బెడ్‌రూములకి 13 వేల నుంచి 16 వేల దాకా చెప్పారు. భార్యాభర్తలిద్దరికీ రుషికొండ ఐటీ కొండల మీదే ఉద్యోగమైతే ఇంక వేరే ఆలోచన అక్కర్లేదు. క్రికెట్ స్టేడియం హైవే పక్కనే ఉంది కాబట్టి మ్యాచ్ ఉన్నరోజు సెలవు పెట్టుకోవడం నయమని ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సలహా. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి స్థలాలు అంటగట్టాలని చూసినవాళ్లు ఆ రెండు రోజుల్లో ముగ్గురు తగిలారు. మేం అద్దెకండీ అంటే మొహం తిప్పుకున్నారు.

తర్వాత రెండు రాత్రులు ఉక్కునగరంలో మా తోడల్లుడుగారింట్లో. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తారు. వెడల్పు రోడ్లు, చెట్లు, ప్రతి సెక్టారుకీ ఆటస్థలం. అమ్మకి తెగ నచ్చేసింది. అది ఉద్యోగుల క్వార్టర్స్, మనకి రావు. గేటు బయట కూర్మన్నపాలెంలో అద్దెలు ఇంకా తక్కువ, మా ఆఫీసు కూడా దగ్గర. రాజమండ్రి వెళ్లాలంటే దువ్వాడ స్టేషన్ పక్కనే. దూరప్రాంతాల రైళ్లు కొన్ని విశాఖ స్టేషన్‌లోకి వెళ్తే ఇంజను అటునుంచి ఇటు మార్చుకోవాలి కాబట్టి దువ్వాడ మీదుగానే పోతాయి. ఇది తెలియక కిందటేడాది మా మేనమామ విశాఖలో దిగుదామని రైల్లో నిద్రపోయి విజయనగరంలో లేచాడు.

అక్కడ ఒక మాట విన్నాను. పక్కింటావిడ మా తోడల్లుడుగారి భార్యతో "రేపు వైజాగ్ వెళ్తన్నాం, ఏమైనా గావాలా?" అంది. ఉన్నది కార్పొరేషన్‌లోనే. 2005లో గాజువాక మున్సిపాలిటీని కలిపి గ్రేటర్ విశాఖ కార్పొరేషన్, అంటే జీవీఎంసీ చేశారు. ఇరవై ఏళ్లు దాటినా జనం నోట్లో వైజాగ్ అంటే ఇంకా జగదాంబ, పూర్ణా మార్కెట్, కాంప్లెక్సే. మధురవాడలో కూడా "టౌన్‌కి వెళ్తున్నా" అనే మాటే విన్నాను. ఈ చివర కాపురం పెడితే మా ఆవిడ ఆ చివరికి రోజూ ఊరు దాటి ఊరెళ్లాలి. నేను పడ్డ రెండు గంటలే ఆవిడ పడాలి. ఆ ముక్క ఆవిడ అనకముందే నేనే అనేశాను.

పాత ఊరు, అదే వన్‌టౌన్ వైపు ఒక్క పూటే వెళ్లాం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకున్నాం. గర్భాలయానికి పైకప్పు లేని ఆ గుడిలో వాన చినుకుల్లో నిలబడి దండం పెట్టుకోవడం బాగుంది. పాత ఇళ్లు, ఇరుకు సందులు, మార్కెట్‌లో సరుకు చవక. బాల్కనీ పిట్టగోడ మీద వేలు రాస్తే నల్లగా అంటింది. హార్బరులో బొగ్గు దిగుతుంది, గాలి ఎటు వీస్తే ధూళి అటు. అమ్మకి ఆయాసం కూడా ఉంది కాబట్టి ఇంక ఇళ్లేవీ చూడకుండానే వెనక్కొచ్చాం.

ఇంక గిరి ప్రదక్షిణ సంగతి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు, చతుర్దశి నాడు, సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. సరిగ్గా ఆ రోజుకే మేం అక్కడ ఉన్నాం. "ఇల్లు వెతుకుతున్నారు కదా అన్నయ్యగారూ, రండి, ఊరంతా ఒక్క రాత్రిలో చూపిస్తాను" అన్నారు తోడల్లుడుగారు. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, ఇల్లు వెతకడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. అడవివరం దాటుతుంటే పంచగ్రామాల గొడవ చెప్పారాయన. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి భూముల మీద దేవస్థానానికీ నివాసులకీ మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న వివాదం. "అద్దెకైతే బెంగ లేదు. కొనేటప్పుడు మాత్రం రేటు తక్కువుందని తొందరపడకండి" అన్నారు. ముడసర్లోవ రిజర్వాయరు, ఆరిలోవ, ఆసుపత్రులన్నీ ఒకచోట చేరిన హెల్త్ సిటీ, హనుమంతవాక. లోవ అంటే కొండల నడుమ పల్లం. వాక అంటే వాగు. ఇక్కడివాళ్లు ఏరుని గెడ్డ అంటారు. ఊరి పేర్లలోనే నీళ్ల దారి రాసిపెట్టి ఉంది, చదువుకోవడం మనకి రావాలి. ఆ రాత్రి ఎనిమిదింటికి జోరుగా వాన పడింది. ఏ జంక్షన్‌లో మోకాలిలోతు నిలిచిందో, ఏ వీధిలో పడ్డ నీళ్లు పడ్డట్టే జారిపోయాయో కాళ్లతో చూశాం. ఎండాకాలంలో ఇల్లు చూస్తే ఇది తెలిసేది కాదు.

అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకుని ఎంవీపీ డబుల్ రోడ్డు ఎక్కాం. ఎంవీపీ అంటే మువ్వలవానిపాలెం. పేరు పల్లెటూరిదే గానీ ఇప్పుడు సెక్టార్లుగా కట్టిన పెద్ద కాలనీ. రైతుబజారు, పార్కులు, స్కూళ్లు, బీచ్ అన్నీ అందుబాటులో ఉంటాయి. అందుకే అద్దె కూడా అలాగే ఉంది, మాకు చెప్పింది 22 వేలు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. వెంకోజీపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ. అడుగడుగునా పులిహోర, మజ్జిగ, నిమ్మరసం. ఇళ్లముందు బల్లలు వేసుకుని ఆడవాళ్లు, పిల్లలు నడిచేవాళ్లని పిలిచి మరీ ఇస్తున్నారు. హెచ్‌బీ కాలనీ దగ్గర ఒక పెద్దావిడ మజ్జిగ పోస్తూ "ఏ ఊరు బాబూ?" అంది. ఇల్లు వెతుక్కుంటున్నామని చెప్పగానే ఆవిడే అడ్రసుల చిట్టా విప్పింది. ఫలానా వీధిలో పైన ఖాళీ ఉంది గానీ ఎత్తు ఎక్కలేరు, ఫలానా చోట ఓనరు మంచివాడు గానీ హుద్‌హుద్‌లో ఆ వైపు కిటికీలన్నీ పోయాయి. 2014 అక్టోబరు 12 నాటి తుపాను గురించి ఇక్కడ ఎవరినడిగినా నిన్నటిలా చెబుతారు. "ఈ బిల్డింగు హుద్‌హుద్‌లో ఎలా ఉంది?" అని అడిగితే బ్రోకరు చెప్పనివన్నీ పక్కింటివాళ్లు చెప్పేస్తారు.

మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటి తిరిగి కొండ కిందకి చేరేసరికి తెల్లవారుజాము మూడున్నర. మురళీనగర్ నాకు బాగా నచ్చింది, నిశ్శబ్దంగా ఉంది, అద్దె కూడా 14 వేలన్నారు తర్వాత ఫోన్‌లో. మా ఆవిడ లెక్కలో మాత్రం అది రుషికొండకి రెండు జంక్షన్లు ఎక్కువ.

చివరికి సీతమ్మధారలో, గురుద్వారా జంక్షన్‌కి ఏడు నిమిషాల నడకలో, కింది పోర్షన్ తీసుకున్నాం. 17 వేలు, మూడు నెలల అడ్వాన్సు, బ్రోకరు లేడు. మజ్జిగ పెద్దావిడ చెప్పిన నాలుగిళ్లలో ఇది మూడోది. నేను హైవే ఎక్కి బస్సు పట్టుకుంటే గాజువాకకి గంట. మా ఆవిడ మద్దిలపాలెం వెళ్లి బస్సెక్కితే ముప్పావుగంట. ఎవరికీ సుఖం లేదు, ఎవరికీ అన్యాయం లేదు. రైతుబజారుకి అమ్మ ఒక్కతే నడిచి వెళ్లొస్తోంది. అమ్మాయి మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. సాగర్‌నగర్ కిటికీ బదులు దానికి దక్కింది ఎదురింటి వాళ్ల మునగచెట్టు.

ఓనరుగారు తాళాలిస్తూ కుళాయి నీళ్లు తెల్లవారుజామున ఐదున్నరకి వస్తాయని, ముప్పావుగంటే ఉంటాయని చెప్పారు. రాజమండ్రి నుంచి సామాను లారీ ఇంకా రాలేదు. పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ముందు రెండు డ్రమ్ములు కొనుక్కొచ్చాం.