ఫిగర్ ఎయిట్ పఫర్: ఒక చేప, రెండు తొట్లు, ఒక బకెట్టు

తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ప్రాణభయం వేస్తే బంతిలా ఉబ్బే పఫర్ చేపల్లో ఒక రకమైన ఫిగర్ ఎయిట్ పఫర్ ఇంట్లో పెంచదగ్గ చేపే. కొన్నేళ్ళుగా పెంచుతున్నాను, ఇంకో చేపకి మార్చుకోమంటే మార్చుకోను. కాకపోతే చేప కంటే ముందు ఇంటికి రావాల్సినవి మూడున్నాయి: ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు, నత్తలు పెంచుకునే చిన్న తొట్టి, నీళ్ళు కలుపుకోవడానికి మూతున్న పెద్ద బకెట్టు. వీటికి ఇంట్లో చోటు లేదనుకుంటే చేపని కొట్లోనే వదిలేయండి. పఫర్ చాలా సున్నితం అని అందరూ భయపెడతారు గానీ నా అనుభవంలో చేప మొండిఘటమే. వారం తిరిగేసరికి బకెట్టు మోయడానికి బద్ధకించేది మనమే.

ముందు ఏ పఫరో తేల్చుకోవాలి. కొట్లో ‘పఫర్’ అని ఒకే చీటీ అంటించి మూడు వేరు వేరు చేపల్ని అమ్మేస్తుంటారు. గోరంత ఉండి అటూ ఇటూ తిరిగేది పీ పఫర్. కేరళ వైపు పడమటి కనుమల నదుల్లోది, పూర్తిగా మంచినీటి చేప, దానికి ఉప్పు అక్కర్లేదు. వెలిసిన ఆకుపచ్చ ఒంటి మీద గుండ్రటి నల్ల మచ్చలున్నది గ్రీన్ స్పాటెడ్ పఫర్. కొనేటప్పుడు ముద్దుగా 3 సెంటీమీటర్లుంటుంది, పెరిగాక 15 దాటుతుంది. నేను పెంచేది మూడోది. వీపు ముదురు గోధుమ రంగు, దాని మీద ఎనిమిది అంకెలా చుట్టుకున్న పసుపు గీతలు, తోకకు దగ్గరగా పసుపు అంచున్న నల్లటి కంటిచుక్కలు. పుస్తకాల్లో డైకోటోమిక్టెరె ఒసెల్లేటస్ అని ఉంటుంది, పాత పుస్తకాల్లో అయితే టెట్రాడాన్ బయోసెల్లేటస్. పెద్దయినా 8 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఒక్క చేపకి 75 లీటర్ల తొట్టి సరిపోతుంది, నాది 90. ఇంటి చేపగా దీనికి మార్కులు పడేది ముందు ఈ సైజు దగ్గరే.

ఇక ఉప్పు సంగతి. దీన్ని మంచినీళ్ళలోనే పెంచొచ్చనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయలేం, ఆగ్నేయాసియాలో ఈ చేప ఉప్పుటేళ్ళలోనే కాక మంచినీటి వాగుల్లోనూ దొరుకుతుంది. అయినా నేను స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మంచినీటిని 1.000 అనుకుంటే ఉప్పు వల్ల నీరు ఎంత బరువెక్కిందో చెప్పే అంకె, 1.005 నుంచి 1.008 మధ్యే ఉంచుతాను. సముద్రపు నీరు 1.026 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది అందులో పావు వంతుకి అటూ ఇటూ. చేప ఒంట్లోని ద్రవాలు మంచినీటి కంటే ఉప్పగా ఉంటాయి. మంచినీళ్ళలో ఉన్నంతసేపూ నీరు మొప్పల గుండా లోపలికి చొరబడుతుంటే మూత్రపిండాలు దాన్ని తోడిపోస్తూనే ఉండాలి. కొంచెం ఉప్పుంటే ఆ శ్రమ తగ్గుతుంది. రెండో లాభం అంతకంటే పనికొచ్చేది: ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైట్‌కి, అంటే చేప వ్యర్థాల నుంచి పుట్టే ఒక విషానికి, పోటీగా నిలబడి దాన్ని రక్తంలోకి అంతగా పోనివ్వదు. ఎంగిళ్ళు విరజిమ్మే చేపకి ఈ కాపుదల చిన్నది కాదు.

వంటింటి ఉప్పు, మంచినీటి చేపల కోసం అమ్మే ‘అక్వేరియం సాల్ట్’ రెండూ దీనికి పనికిరావు. పగడాల తొట్లకు వాడే మెరైన్ సాల్టే కావాలి. అందులో సోడియం క్లోరైడుతో పాటు కాల్షియం, మెగ్నీషియం, నీటి పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్లు ఉంటాయి. లీటరుకి 7, 8 గ్రాములు వేస్తే 1.005 దగ్గరికి వస్తుంది. చెంచాలతో కొలవకండి, తూకం వేయండి, ఉప్పు చెమ్మ పీల్చుకున్నకొద్దీ చెంచా లెక్క మారిపోతుంది. ఉప్పు ఎప్పుడూ బకెట్టులోనే కలపాలి. చిన్న పంపు పెట్టి ఒక రాత్రంతా తిప్పి, మర్నాడు కొలిచి, తొట్టి వేడికి తెచ్చి అప్పుడు పోయాలి. పలుకులు నేరుగా తొట్టిలో పడితే చేప వాటినీ రుచి చూడబోతుంది, అడుగున పేరుకున్న చోట చర్మం కాలుతుంది.

అడుగున పగడపు ఇసుక పరిచాను. అది మెల్లగా కరుగుతూ పీహెచ్‌ని 8 దగ్గర నిలబెడుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. చేప వ్యర్థాల నుంచి నీటిలో అమ్మోనియా చేరుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అందులో విషపు భాగం పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్న తొట్టిలో చేప ఎలాగో తట్టుకునే అమ్మోనియా ఇక్కడ దాన్ని చంపేయగలదు. అందుకని ఫిల్టరులో ఈ విషాల్ని విరిచే బ్యాక్టీరియా పూర్తిగా కుదురుకుని, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపని దించే మాటే వద్దు. ఆ బ్యాక్టీరియా చివరికి మిగిల్చే నైట్రేట్ లీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకుండా వారానికోసారి మూడో వంతుకి పైనే నీళ్ళు మారుస్తాను.

కొలిచే పరికరాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ముల్లు పైకి లేచే రకం ప్లాస్టిక్ హైడ్రోమీటరు చవక, అందుకే అందరూ ముందు అదే కొంటారు. ముల్లుకి ఒక గాలి బుడగ అంటుకుంటే చాలు, లేని ఉప్పు ఉన్నట్టు చూపిస్తుంది. కడగకుండా ఆరబెడితే ఉప్పు పేరుకుని ముల్లు బరువెక్కి తక్కువ చూపిస్తుంది. పైగా అది సముద్రపు తొట్ల కోసం చేసింది, మనకి కావాల్సిన అట్టడుగు కొలతల దగ్గరే దాని గీతలు నమ్మబుద్ధి కావు. రిఫ్రాక్టోమీటరుకి రెండు చుక్కల నీళ్ళు వేసి వెలుతురులో చూస్తే చాలు. సముద్రపు తొట్టి వాళ్ళు దాన్ని సరిచూడటానికి ప్రత్యేక ద్రావణం కొంటారు. మన కొలతలు సున్నాకి దగ్గర్లోనే ఉంటాయి గనక ఆర్‌ఓ నీటితో సున్నా సరిపెట్టుకుంటే మన పనికి చాలు. నెలకోసారి చూసుకుంటాను, అప్పుడప్పుడు గీత జరిగే ఉంటుంది. ఇన్నేళ్ళలో డబ్బుకి న్యాయం చేసిన వస్తువు ఏదంటే ఇదే చెబుతాను.

తొట్టి గాజు మీద నీటి మట్టం దగ్గర ఒక టేపు ముక్క అంటించుకోండి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మట్టం తగ్గితే ఉప్పులేని నీళ్ళే పోయాలి. ఉప్పునీటితో నింపుకుంటూ పోతే కొన్ని వారాల్లో మనకి తెలియకుండానే గాఢత ఎక్కడికో పోతుంది.

ఫిల్టరు ఈ సైజు తొట్టికి చెప్పేదానికంటే ఒక సైజు పెద్దది కొనండి, అంతకంటే చెప్పడానికేమీ లేదు. విసుగు పుట్టించేది వేరే: తుంపర పడ్డ చోటల్లా తెల్లగా పేరుకునే ఉప్పు. మూత అంచులు, లైటు, వైర్లు, ఏదీ వదలదు. వైర్లని ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగేలా వేలాడదీయండి, జారిన నీరు ప్లగ్గు దాకా పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. మొక్కల్లో జావా ఫెర్న్, అనుబియాస్ 1.005 దగ్గర బతుకుతాయి, పెరగడం మాత్రం నత్తనడకే.

నత్తలంటే గుర్తొచ్చింది, అసలు కథ వాటిదే. పఫర్ నోట్లో నాలుగు పళ్ళు ముక్కులా అతుక్కుపోయి ఉంటాయి, బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గట్టి గుల్ల కొరికితేనే అరుగుతాయి. మెత్తటి తిండే వేస్తూ పోతే ముక్కు పొడుగై నోరు తెరుచుకోక, ఎదురుగా తిండి ఉన్నా చేప పస్తులుంటుంది. అప్పుడు లవంగ నూనెతో మత్తిచ్చి గోళ్ళ చర్మం కత్తిరించే కత్తెరతో పళ్ళు కత్తిరిస్తారు. చేసేవాళ్ళు చేస్తున్నారు గానీ మత్తు మోతాదు కాస్త మించినా చేప లేవదు. ఆ అవసరం రానివ్వకపోవడమే మేలు, దానికి మార్గం నత్తల తొట్టి.

20 లీటర్ల గాజు తొట్టి, ఒక స్పాంజి ఫిల్టరు, ఉప్పులేని నీళ్ళు. అందులో రామ్స్‌హార్న్, బ్లాడర్ నత్తలు. ఉడికించిన ఆకుకూర, దోసకాయ ముక్క, గుల్ల గట్టిపడటానికి కాస్త కాల్షియం. మొదట్లో ఇదొక అదనపు చాకిరీ అనిపిస్తుంది, తర్వాత పఫర్ తొట్టి కంటే ఇదే బతుకుతెరువని తెలుస్తుంది. రోజూ పెద్దవాటినే ఏరేస్తే గుడ్లు పెట్టేవి మిగలవు, ఒక నెల పంట పోతుంది. నేను చేప కంటి సైజువి ఏరుతాను, పెద్దవాటిని వదిలేస్తాను. ఇసుకలో దూరే పొడుగాటి మలేసియన్ ట్రంపెట్ నత్తలు వేయను, వాటి గుల్ల మరీ గట్టిది, పళ్ళు విరగొచ్చు. చెరువుల్లోంచి, పొలాల్లోంచి ఏరినవి అసలే వద్దు, పరాన్నజీవులు, పురుగుమందులు వాటితోనే వస్తాయి. మంచినీటి నత్తలు ఉప్పులో ఎక్కువసేపు బతకవు, తినకుండా వదిలేసినవి గంటలోపు తీసేయాలి.

వేట చూడటానికే ఈ చేపని పెంచుతున్నానేమో అనిపిస్తుంది నాకు. కళ్ళు రెండూ దేనికది తిరుగుతాయి. నత్త కనపడగానే రెండూ దాని మీదికే తిరుగుతాయి, ఒళ్ళు గాల్లో ఆగిన తూనీగలా నిలబడుతుంది, తల కొంచెం వాలుస్తుంది, గుల్లలోంచి నత్త తల బయటపెట్టేదాకా కాచుక్కూర్చుని టక్కున కొరుకుతుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ చప్పుడు వినపడుతుంది.

నత్తలకి తోడు పొట్టుతో సహా రొయ్య, గుల్లతో సహా ఆల్చిప్ప మాంసం, పీత కాలు ముక్కలు. ఆల్చిప్పల్లోనూ కొన్ని రొయ్యల్లోనూ థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా అది పోదు. అందుకని నెలల తరబడి ఒకటే తిండి పెట్టకుండా మారుస్తూ ఉండాలి. ఎదిగిన చేపకి రోజు విడిచి రోజు చాలు. ఇది నమ్మడం కష్టం, ఎందుకంటే మనిషి కనపడితే చాలు గాజుకి ముక్కానించి, ఒళ్ళంతా ఊపుతూ, పది రోజులుగా తిండి లేనట్టు నటిస్తుంది. ఇంట్లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడుక్కుంటుంది, ఇంతకుముందే తిన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు. పెట్టేపని ఒక్కరే చూసుకోండి. తిన్నాక పొట్ట కాస్త గుండ్రంగా ఉంటే చాలు, బంతిలా అయ్యేదాకా మేపితే కాలేయానికి కొవ్వు పడుతుంది.

తోడు చేపలు వేయొచ్చా అని అందరూ అడుగుతారు. బంబుల్‌బీ గోబీలు, మోలీలు వేసి నెట్టుకొచ్చేవాళ్ళు ఉన్నారు. ఎదుటి చేప రెక్క ఏ రోజు కొరుకుతుందో ముందే చెప్పలేం గనక నేను ఒంటరిగానే ఉంచాను. ఒంటరిదానికి దిగులు ఉన్నట్టు కనపడలేదు, విసుగు మాత్రం ఉంటుంది. గాజు వెంట అదే పనిగా పైకీ కిందికీ ఈదుతుంటే ముందు నీళ్ళు పరీక్షిస్తాను. నీళ్ళు బాగుంటే రాళ్ళూ కొయ్యలూ చోటు మారుస్తాను, కొత్త ఇంటిని తనిఖీ చేయడానికి దానికి రెండు రోజులు పడుతుంది. తెల్లటి పొట్ట నల్లబడి అలాగే ఉండిపోతే ఏదో ఇబ్బంది ఉన్నట్టు.

బంతిలా ఉబ్బడం చూపించమనే అతిథులకి నా జవాబు ఒకటే: లేదు. అది ప్రాణభయంతో చేసే పని. నీళ్ళు మింగి ఉబ్బితే మళ్ళీ కక్కేస్తుంది, గాలి మింగితే బయటికి పంపలేక పైన తేలుతూ చచ్చిపోవచ్చు. చేపని మార్చాల్సి వస్తే వలతో పైకెత్తకండి, నీటిలోనే జగ్గులోకి తోలి నీటితో సహా ఎత్తండి.

అమ్మకానికి వచ్చే ఈ చేపలు దాదాపు అన్నీ నదుల్లో పట్టినవే. పేగుల్లో పురుగులు ఉన్నాయనే లెక్కపెట్టుకోవాలి. బాగా తింటూనే పొట్ట లోపలికి పీక్కుపోతోందంటే అదే కారణం కావొచ్చు. వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, లెవమిసోల్, ప్రాజిక్వాంటెల్ లాంటి మందులు తెలిసినవాళ్ళ సలహాతో వాడాలి. ఒంటి మీద పొలుసులు లేవు, మందు దెబ్బ త్వరగా తగులుతుంది. రాగి కలిసిన మందుల జోలికి పోవద్దు. కొనేముందు కొట్టువాణ్ణి ఒక నత్త వేయమని అడగండి. తినని చేపని జాలిపడి తెచ్చుకోవద్దు.

విషం సంగతి కూడా అడుగుతారు. పఫర్లలో ఉండే టెట్రోడోటాక్సిన్‌ని తయారుచేసేది బ్యాక్టీరియా, అది తిండి ద్వారా చేప ఒంట్లోకి చేరుతుంది. తొట్టిలో చెయ్యి పెట్టినంత మాత్రాన ఏమీ కాదు, వేలు నోటికి అందకుండా చూసుకుంటే చాలు. చచ్చిన చేపని మాత్రం పిల్లికి వేయకండి.

మంచి పోషణలో ఇది 10, 15 ఏళ్ళు బతుకుతుంది. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా తొట్టి మనతో వస్తుంది. నాలుగైదు రోజులు ఊరెళ్ళాల్సి వస్తే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప పస్తు తట్టుకుంటుంది, కుప్పగా నత్తలు వేసి పోవడమే ప్రమాదం. పెంచలేకపోతే ఇంకో పెంపకందారుకి ఇవ్వండి, కాలవలోనో చెరువులోనో వదలకండి.

దీని బదులు గ్రీన్ స్పాటెడ్ కొనొచ్చా అనేవాళ్ళకి: 200 లీటర్లకి తగ్గని తొట్టికి చోటుంటేనే. చిన్నప్పుడు 1.005 నుంచి 1.010 దాకా సరిపోతుంది, పెరిగేకొద్దీ వారానికి 0.002కి మించకుండా ఉప్పు పెంచుతూ పెద్దయ్యాక 1.018కి అటూ ఇటూ చేర్చాలి. అంతకంటే తొందరపడితే ఫిల్టరులోని బ్యాక్టీరియా తట్టుకోలేదు, అమ్మోనియా లేస్తుంది. మిగతా పద్ధతంతా ఇదే. ఉప్పు మాత్రం లీటరుకి మూడింతలు పడుతుంది, దానిది పెద్ద తొట్టి గనక బకెట్లూ ఎక్కువే మోయాలి.