సగం క్యాసెట్‌తో మొదలైన ‘వన్ హాట్ మినిట్’

1997లో హాస్టల్లో ఒక సీనియర్ అమెరికన్ రాక్ బ్యాండ్ రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ చేసిన ఈ ఆల్బమ్‌ని 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆల్బమ్ నిడివేమో 61 నిమిషాల పైచిలుకు. దాంతో మొదటి వైపు ఆఖరున ఉన్న ‘వన్ బిగ్ మాబ్’ పూర్తి కాకుండానే టేప్ అయిపోయి టక్‌మని బటన్ పైకి లేచేది. పాటే అంత కాబోలు అనుకున్నాను. ఐదారేళ్ల తర్వాత సీడీ కొన్నాక గానీ మిగతా ముక్క ఒకటుందని తెలియలేదు.

రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అంటే మా గదిలో అందరికీ 1991 నాటి ‘బ్లడ్ షుగర్ సెక్స్ మ్యాజిక్’ ఆల్బమ్ మాత్రమే. దాని తర్వాత 1992లో, జపాన్ టూర్ మధ్యలోనే, గిటారిస్ట్ జాన్ ఫ్రుషాంటే బ్యాండ్ వదిలేసి వెళ్లిపోయాడు. కొన్ని మార్పుల తర్వాత ఆ స్థానంలోకి జేన్స్ అడిక్షన్ అనే ఇంకో రాక్ బ్యాండ్‌లో వాయించిన డేవ్ నవారో వచ్చాడు. ఆయనతో మొదటి పెద్ద కచేరీ 1994 వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో. నలుగురూ తలకి పెద్ద పెద్ద కరెంటు బల్బుల వేషం తగిలించుకుని స్టేజీ ఎక్కారు. 1995 సెప్టెంబర్‌లో ‘వన్ హాట్ మినిట్’ వచ్చింది. ప్రొడ్యూసర్ మళ్లీ రిక్ రూబినే. అయినా కొత్త కోడలు ఏం చేసినా పాత కోడలితో పోల్చినట్టే అయింది దీని పని. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో నాలుగో స్థానం దాకా వెళ్లింది, అమెరికాలో 20 లక్షల కాపీలు దాటింది. ఇంకో బ్యాండ్‌కైతే పండగే. ముందుది 70 లక్షలు దాటడంతో దీన్ని ఫ్లాప్ ఖాతాలో వేసేశారు.

విమర్శకుల్లో చాలామంది అన్నదొకటే: నవారో గిటార్ ఈ బ్యాండ్ వాయించే ఫంక్‌కి, అంటే లయే ప్రధానంగా నడిచే సంగీతానికి, పొసగలేదు, హెవీ మెటల్ బరువు ఎక్కువైంది అని. నిజమే, ఫంక్ మీద తనకు పెద్ద మక్కువ లేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఫంక్‌లో గిటార్ తాళానికి దాదాపు డ్రమ్ములా పనిచేయాలి, కొట్టిన వెంటనే ఆగాలి, మధ్యలో ఖాళీ వదలాలి. నవారో ఖాళీ వదలడు. పొర మీద పొర వేసి గోడ కట్టేస్తాడు. ‘వార్ప్డ్’ పాట వింటుంటే, కచేరీలో వయొలిన్ విద్వాంసుడు గాయకుణ్ణి పట్టించుకోకుండా తన దారిన తాను పోయినట్టు ఉంటుంది. మొదట్లో నాకూ చిరాకే. ఇప్పుడు అదే నచ్చుతోంది. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే ఫ్లీ ఒక పక్క, ఆ గిటార్ ఒక పక్క, ఎవరూ తగ్గరు. మధ్యలో చాడ్ స్మిత్ డ్రమ్స్ పెద్దమనిషిలా పంచాయితీ చేస్తుంటాయి.

‘ఏరోప్లేన్’ మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఫ్లీ బొటనవేలితో తీగని కొట్టి, ఇంకో వేలితో లాగి వదిలేస్తాడు. ఆ ‘టప్’ తర్వాత ‘ఠాంగ్’ విడివిడిగా చెవిలో పడతాయి. ఫోన్ స్పీకర్లో ‘ఠాంగ్’ మాత్రమే మిగులుతుంది, పాట సగం చచ్చిపోతుంది. చివర్లో వచ్చే పిల్లల గొంతుల్లో ఫ్లీ కూతురూ, ఆమె క్లాస్‌మేట్లూ ఉన్నారు.

ఆ పిల్లల గొంతులు విని ఇదేదో సరదా ఆల్బమ్ అనుకుంటే పొరపాటు. ఐదేళ్లకు పైగా మత్తుకు దూరంగా ఉన్న గాయకుడు ఆంథోనీ కీడిస్ ఆ రోజుల్లోనే మళ్లీ హెరాయిన్‌లో పడ్డాడు. ‘టియర్‌జర్కర్’ పాట 1994లో పోయిన నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబెయిన్ కోసం. ‘ట్రాన్సెండింగ్’ 1993లో పోయిన నటుడు రివర్ ఫీనిక్స్ కోసం: మెల్లగా మొదలై, ఆఖరికి పత్రికల్ని తిట్టిపోసే అరుపులతో ముగుస్తుంది. హాస్టల్లో అవి బూతులని నవ్వుకునేవాళ్లం. ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాక ఒకరాత్రి విన్నాను, నవ్వు రాలేదు.

లోపాలు లేవా అంటే బోలెడు. ‘డీప్ కిక్’ ఆరున్నర నిమిషాలు. మొదట్లో ఆ కబుర్లన్నీ దేనికో ఇప్పటికీ అర్థం కాదు. టైటిల్ పాట సాగదీత. ‘ఫాలింగ్ ఇంటు గ్రేస్’ వచ్చిందంటే నా చెయ్యి దానంతటదే ముందుకు నొక్కేస్తుంది. దానికి బదులు ఫ్లీ ఒక్కడే బేస్ పట్టుకుని పాడిన ‘పీ’ ఉందే, రెండు నిమిషాలు కూడా లేదు, అది చాలు.

1998లో నవారో వెళ్లిపోయాడు, ఫ్రుషాంటే తిరిగొచ్చాడు, 1999లో ‘కాలిఫోర్నికేషన్’తో బ్యాండ్ దశ తిరిగింది. ఆ తర్వాత వాళ్లే ఈ ఆల్బమ్‌ని అటక ఎక్కించేశారు. ‘ఏరోప్లేన్’ మళ్లీ స్టేజీ మీద వినపడటానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ అర మాత్రం ‘కాఫీ షాప్’ చివర ఫ్లీ బేస్‌కే.