డెలివరీ ఈ-ఆటోలకు చార్జింగ్: సొంత యార్డా, రోడ్డు మీదా, బ్యాటరీ మార్పిడా?

బండి కొనేముందు రేంజ్ ఎంత, లోడు ఎంత మోస్తుంది అని అందరూ అడుగుతారు. రాత్రిపూట ఆ బండి ఎక్కడ పెడతారన్నది మాత్రం కొన్నాకే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో కార్గో ఈ-ఆటోలు తిప్పేవాళ్లకు చార్జింగ్ సంగతి తేలేది అక్కడే.

యార్డు లెక్క ముందు చూద్దాం. మహీంద్రా ట్రియో జోర్ అనే కార్గో ఈ-ఆటో బ్యాటరీ 7.37 కిలోవాట్ అవర్లు, అంటే మీటరు లెక్కలో 7.37 యూనిట్లు. ఖాళీ బ్యాటరీ నిండడానికి నాలుగు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. అంటే ఒక్కో బండి సుమారు 2 కిలోవాట్లు లాగుతుంది. 20 బండ్లు సాయంత్రం వచ్చి ఒకేసారి ప్లగ్ పెడితే 40 కిలోవాట్లు. మా షెడ్డులో మొదటి వారం ఇదే తప్పు చేశాం. అర్ధరాత్రి లోడు ఎక్కువై మెయిన్ స్విచ్ పడిపోయింది, వాచ్‌మన్ చూసుకోలేదు. తెల్లారి ఆరు బండ్లు సగం చార్జింగ్‌తో లోడింగుకు నిలబడ్డాయి. తర్వాత టైమర్లు పెట్టి రెండు బ్యాచులు చేశాం. ఎనిమిది నుంచి పన్నెండు దాకా సగం, పన్నెండు నుంచి నాలుగు దాకా మిగతా సగం. కొత్త చార్జర్ ఒక్కటీ కొనలేదు, కరెంటు లోడు మాత్రం సగానికి దిగింది. 16 ఆంప్స్ సాకెట్లు, మంచి ఎర్తింగ్, ఒక్కో పాయింటుకు విడి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) ఉంటే చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డుల జోలికి మాత్రం వెళ్లొద్దు.

అసలు తేడా మీటరు దగ్గర ఉంది. ఉన్న కనెక్షన్ మీదే బండ్లు చార్జ్ చేసుకోవచ్చని 2022 జనవరి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి కాబట్టి షాపు మీటరు మీద పెట్టినా తప్పు లేదు. బిల్లు మాత్రం వాచిపోతుంది. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) చార్జింగ్ కేటగిరీలో యూనిట్ 6 రూపాయలు. అదే షాపు మీటర్లు వచ్చే వాణిజ్య కేటగిరీలో నెలకు 500 యూనిట్లు దాటితే 11. చార్జింగ్‌లో వృథా అయ్యే కరెంటుతో కలిపి 20 బండ్లకు రోజుకు 170 యూనిట్లు వేసుకోండి. ఈవీ మీటరుపై 1,020 రూపాయలు, అంటే బండికి 51. 80 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు 64 పైసలు. డీజిల్ ఆటో లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చినా మూడు రూపాయల పైమాటే.

రోడ్డు మీది పబ్లిక్ చార్జర్ల సంగతి తొందరగా చెప్పేయొచ్చు. బంకుల్లో, హోటళ్ల ముందు కనిపించే సీసీఎస్2 (ఒక రకం ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్) గన్‌లు ఎక్కువగా కార్ల కోసం పెట్టినవి. 48 వోల్టుల ఆటోకు అవి పెట్టలేం. టాటా ఏస్ ఈవీ లాంటి నాలుగు చక్రాల బండికైతే పనికొస్తాయి. 21.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కాబట్టి దానికి ఫాస్ట్ చార్జింగ్ అవసరమూ ఉంది. కాకపోతే కరెంటు ధర మీద నిర్వాహకుడి సర్వీస్ చార్జీ, ఆపైన 18 శాతం జీఎస్టీ. రోజూ దాని మీద బతికితే యార్డు లెక్కలో మిగిలింది అక్కడ పోతుంది. ఆటోవాళ్లకు దీనికంటే మధ్యాహ్నం భోజనం చేసే చోట ఒక సాకెట్ దొరికితే మేలు. గంటలో రెండు యూనిట్లు ఎక్కినా ఇరవై కిలోమీటర్లు.

బ్యాటరీ మార్పిడిని నేను మొదట్లో తేలిగ్గా తీసేశాను. తర్వాత మాట మార్చుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌కే చెందిన రేస్ ఎనర్జీ ఆటోల కోసం ఈ పద్ధతి నడుపుతోంది, హెచ్‌పీసీఎల్ బంకులతో ఒప్పందం కూడా చేసుకుంది. ఖాళీ బ్యాటరీలు తీసి నిండువి పెట్టడానికి నిమిషాలు చాలు, బండి కొనేటప్పుడు బ్యాటరీ ధర కట్టక్కర్లేదు. రెండు షిఫ్టులు నడిపేవాళ్లకు దీనికి సాటి లేదు. డ్రైవరు రాత్రి బండిని ఇంటికి తీసుకెళ్తాడు, ఇల్లేమో మూడో అంతస్తు, కింద సాకెట్ లేదు అనుకోండి, అక్కడా ఇదే దారి. చిక్కు ఏమిటంటే ఒకరి బ్యాటరీ ఇంకొకరి బండిలో పట్టదు. స్టేషన్ మన రూటులో లేకపోతే వెళ్లిరావడానికి రోజూ వృథా తిరుగుడు. బండి మీద జీఎస్టీ 5 శాతమైతే విడి బ్యాటరీ మీద 18, ఆ భారం చివరికి మనం కట్టే బ్యాటరీ అద్దెలోనే చేరుతుంది.

నా ఓటు అందుకే యార్డుకు: రోజుకు ఒకే షిఫ్టు, 80 కిలోమీటర్లలోపు, రాత్రికి బండ్లన్నీ ఒకే చోటికి చేరేవాళ్లకు. రెండు షిఫ్టులైతే మార్పిడి, అదీ రూటుకు కిలోమీటరు దూరంలో స్టేషన్ ఉంటేనే. షెడ్డు అద్దెకు తీసుకునేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే ఓనరును ఒక మాట అడగాలి: తన పేరున ఉన్న జాగాలో ఈవీ కేటగిరీ మీటరుకు మనం దరఖాస్తు పెడితే సంతకం పెడతాడా అని. మాకు ఆ సంతకం దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా 11 రూపాయలే కట్టాం.