మోడల్ రైలు పట్టాల్లో సందు: వదిలేయాలా, పూడ్చాలా?

ఎంత కొలిచి కోసినా లేఔట్లో (బల్ల మీద పరిచిన పట్టాల అమరికలో) చివరి రెండు పట్టాలు కలిసే చోట ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువొస్తాయి. అది కనబడగానే టంకం పెట్టి నింపేద్దామని చేతులు దురద పెడతాయి. ముందు సందు ఎంతుందో చూడండి.

హెచ్‌ఓ స్కేల్లో (అసలు రైలుకు 87వ వంతు సైజు) వ్యాగన్ చక్రం వ్యాసం సుమారు 9.6 మి.మీ. ఉంటుంది. 1 మి.మీ. సందు దాటేటప్పుడు అది కిందికి దిగేది 0.03 మి.మీ. కూడా ఉండదు. సందు 2 మి.మీ. అయితే 0.1, 3 మి.మీ. అయితే 0.23. సందు రెట్టింపైతే కుదుపు నాలుగింతలన్నమాట. ఎన్ స్కేల్ (అంతకంటే చిన్న మోడల్ సైజు) చక్రం ఇంకా చిన్నది కాబట్టి అదే సందులో దాదాపు రెండింతలు దిగుతుంది.

అందుకే హెచ్‌ఓలో మిల్లీమీటరు లోపు సందును నేను ముట్టుకోను. పైగా అది అవసరం కూడా. ఈ పట్టాలు నికెల్ సిల్వర్‌వి (పేరులో తప్ప అందులో వెండి లేదు). మూడు మీటర్ల పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 1 మి.మీ. సాగుతుంది. కింద చెక్క బల్ల ఉంటే తేమకు అదీ కదులుతుంది. సందులన్నీ బిగించేస్తే ఎండాకాలంలో పట్టా పాములా వంకర తిరుగుతుంది. పట్టాల్లోంచి బండికి అందే కరెంటు సంగతికి మాత్రం, రెండు పట్టాల కొసలను కలిపే లోహపు తొడుగైన జాయినర్‌ను నమ్ముకోకుండా ప్రతి పట్టా ముక్కకూ విడిగా వైరు ఇవ్వండి.

టంకంతో పూడ్చడం నాకు నచ్చదు. ఒకసారి చేశాను. టంకం పెట్టే ఐరన్ రెండు సెకన్లు ఎక్కువసేపు ఆనించానేమో, ప్లాస్టిక్ స్లీపర్ల (పట్టా కింది అడ్డ పలకల) మీద పట్టాను పట్టుకునే చిన్న కొక్కేలు కరిగి, రెండు పట్టాల మధ్య 16.5 మి.మీ. ఉండాల్సిన గేజ్ కాస్తా వెడల్పైంది. టంకం మెత్తన కూడా, చక్రాలు తిరిగి తిరిగి గుంట పడుతుంది. పట్టాను జాయినర్‌కు అతికించడానికి టంకం వాడితే అది వేరే సంగతి.

రెండు మి.మీ. దాటితే పట్టా ముక్కే మేలు. అదే కోడ్ (పట్టా ఎత్తును చెప్పే అంకె) పట్టా తీసుకోవాలి: కోడ్ 100 ఎత్తు 2.54 మి.మీ., కోడ్ 83 ఎత్తు 2.1. కలిపితే మెట్టు ఏర్పడుతుంది. మూడు మిల్లీమీటర్ల ముక్కను ముందే కోస్తే ఎగిరిపోయి మళ్లీ దొరకదు. పొడుగు పట్టా చివరనే ఆకురాయితో నున్నగా చేసుకుని, సందులో పెట్టి చూసి, చివర్లో కోయాలి. సందు అయిదు మి.మీ. దాటితే ఈ గొడవే వద్దు. పక్క పట్టాను వెనక్కి కోసి, స్లీపర్లతో సహా అయిదు సెంటీమీటర్ల ముక్క దించండి.

విద్యుత్తు విడదీయడానికి కావాలని ఇచ్చిన సందు దగ్గర లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎంత చిన్నదైనా ఖాళీగా వదలకూడదు. వేడికి పట్టాలు జరిగి తాకితే షార్టే. పలుచని ప్లాస్టిక్ రేకు దూర్చి, సూపర్ గ్లూ చుక్క వేసి, ఆరాక పట్టా ఆకారానికి ఆకురాయితో గీకాలి. లోపలి అంచు మరిచిపోవద్దు, చక్రపు అంచు రాసుకునేది అక్కడే. ఒకటి రెండు మి.మీ. మామూలు సందుకూ ఇదే నా మొదటి ఎంపిక. రంగు వేస్తే కనబడదు.

ఇంత చేసినా బండి పడుతుంటే సందును తిట్టకండి. నా లేఔట్ వంపులో ఒక వ్యాగన్ రోజూ అదే చోట పట్టాలు తప్పేది. సందు పూడ్చాను, మళ్లీ తప్పింది. చివరికి గోటితో లోపలి అంచు వెంట తడిమితే టక్కున తగిలింది. ఒక పట్టా జాయినర్ లోపలికి పోకుండా దాని మీదెక్కి కూర్చుంది! పట్టాను తీసి జాయినర్లోకి సరిగ్గా దూర్చి, లోపలి మూలను కొద్దిగా ఏటవాలుగా గీకాను. పూడ్చిన ప్లాస్టిక్ తర్వాత ఎప్పుడో ఊడిపోయింది. వ్యాగన్ మాత్రం ఆ సందు మీదుగానే పోతోంది.